కర్రీ పాయింట్‌లో ధర పెంచి మళ్ళీ తగ్గించినా గిరాకీ తిరిగి రాలేదు. దీనికి ఏ లెక్క వాడాలి?

కుందలహళ్ళి_కర్రీస్
బెంగళూరు కుందలహళ్ళి గేట్ దగ్గర నేను, మా ఆవిడ కర్రీ పాయింట్ నడుపుతున్నాం. సాయంత్రం పూట మాత్రమే. వెజ్ కర్రీ ప్యాకెట్ గురించే అడుగుతున్నా, నాన్‌వెజ్ లెక్క వేరు.

50 రూపాయలున్నప్పుడు రోజుకి సగటున 120 ప్యాకెట్లు పోయేవి. దీపావళి వెళ్ళాక 60 చేశాం, 105 పోయాయి. మా బావమరిది సాఫ్ట్‌వేర్. ఈ రెండు అంకెలూ ఎక్సెల్‌లో వేసి గీత గీశాడు. రూపాయి పెరిగితే ఒకటిన్నర ప్యాకెట్ తగ్గుతుందట, 130 రూపాయల దగ్గర గిరాకీ సున్నా అవుతుందట. ప్యాకెట్‌కి ఖర్చు 30 కాబట్టి లాభం ఎక్కువ వచ్చే ధర 80 అని తేల్చాడు. నాకంత ధైర్యం లేక డిసెంబరులో 70 చేశాను. వాడి గీత ప్రకారం 90 పోవాలి, 72 పోయాయి. కొన్ని వారాలు చూసి మళ్ళీ 60కి దించాను. 105కి రాలేదు, 90 దగ్గరే ఆగింది. సంక్రాంతి సెలవుల రోజులు తీసేసే చెప్తున్నా.

అదే ధర, అదే కూర, అదే చెయ్యి. ఆ 15 ప్యాకెట్లు ఎక్కడికి పోయాయి? మనుషుల ప్రవర్తనని బట్టి గిరాకీ లెక్క కట్టే ఫార్ములాలున్నాయంటున్నారు. నాలాంటివాడికి పనికొచ్చేది ఏదైనా ఉందా?

నిప్పట్టు
బావమరిది బతుకు కోరతాడంటారు. మీవాడు బతుకుతో పాటు 80 రూపాయలు కూడా కోరాడు.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
నా ఉద్యోగం ఇదే కాబట్టి ముందు లెక్క చెప్తా. 50 నుంచి 60కి ధర 18 శాతం పెరిగింది, అమ్మకం 13 శాతం తగ్గింది. ఎలాస్టిసిటీ, అంటే ధర ఒక శాతం పెరిగితే అమ్మకం ఎంత శాతం తగ్గుతుందో ఆ అంకె, 0.73. (రెండు అంకెల సగటుతో భాగించాను, మొదటి అంకెతో కాదు.) 60 నుంచి 70కి ధర 15 శాతం పెరిగితే అమ్మకం 37 శాతం పడింది, అంటే 2.4. బావమరిది గీత ప్రకారం అక్కడ 1 ఉండాలి.

మేం ఆఫీసులో ఎక్కువగా లాగ్-లాగ్ రిగ్రెషన్ వేస్తాం, అంటే ధరకీ అమ్మకానికీ రెండిటికీ లాగరిథమ్ తీసి గీత గీస్తాం. అది మొత్తానికీ ఒకే ఎలాస్టిసిటీ ఇస్తుంది. మీ డేటాలో అలాంటి ఒక్క అంకె లేనే లేదు.

పెరుగన్నం
ఒకే అంకె లేదని తెలిసి కూడా మీ ఆఫీసులో అదే ఎందుకు వేస్తారో?

లాగ్‌లాగ్_లక్ష్మణ్
@పెరుగన్నం మేనేజరుకి స్లైడ్‌లో ఒకే అంకె కావాలి కాబట్టి.

పావ్లోవ్_పిల్లి
మా పరిశోధనలో రోజూ వాడే సమీకరణం ఒకటుంది. 2008లో హర్ష్, సిల్బర్‌బర్గ్ అనే ఇద్దరు ప్రతిపాదించారు:

లాగ్(కొనుగోలు) = లాగ్(క్యూ0) + కె × (ఈ^(−ఆల్ఫా × క్యూ0 × ధర) − 1)

చూడ్డానికి భయంగా ఉన్నా లోపల ఉన్నది తక్కువే. 'ఈ' అంటే 2.718 అనే స్థిరాంకం. క్యూ0 అంటే ధర సున్నా అయితే ఎంత తీసుకుంటారో అది. కె అంటే గిరాకీ మొత్తం మీద ఎంత మేర పడగలదో, లాగ్ కొలతలో. అసలు విషయమంతా ఆల్ఫాలో ఉంది. ధర పెరిగే కొద్దీ గిరాకీ ఎంత తొందరగా నీరసిస్తుందో అది చెప్తుంది. ఆల్ఫా చిన్నదైతే ఆ వస్తువు మనిషికి అంత అవసరం అన్నమాట, పెంచినా వదలడు.

ఈ వంపు తక్కువ ధరల దగ్గర దాదాపు చదునుగా ఉంటుంది, ఎక్కడో ఒకచోట మలుపు తిరిగి జారుతుంది. ఎలాస్టిసిటీ 1 దాటే ఆ ధరని పీమ్యాక్స్ అంటాం. మీ అంకెలు 0.73 నుంచి 2.4కి దూకాయి కదా, మీ మలుపు 60 చుట్టుపక్కల ఉండొచ్చు.

హాస్టల్_పక్షి
ఈ ఫార్ములా ఎవరి మీద ప్రయోగాలు చేసి కనిపెట్టారు?

పావ్లోవ్_పిల్లి
మొదట ఎలుకలు, కోతుల మీద. మీట ఎన్నిసార్లు నొక్కితే ఒక తిండి గుళిక పడుతుందో అదే ధర. నొక్కుళ్ళు పెంచుతూ పోతే ఎక్కడ మానేస్తుందో చూస్తారు.

హాస్టల్_పక్షి
సరిపోయింది. రాత్రి ఎనిమిదింటికి కర్రీ పాయింట్ ముందు నిలబడ్డ నన్ను చూస్తే ఆ సైంటిస్టులకి కొత్తగా ఏమీ అనిపించదు.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
@పావ్లోవ్_పిల్లి రెండు అభ్యంతరాలు. పీమ్యాక్స్ దగ్గర గరిష్ఠం అయ్యేది వసూళ్ళు, లాభం కాదు. ఈయనకి ప్యాకెట్‌కి 30 ఖర్చుంది కాబట్టి లాభం గరిష్ఠమయ్యే ధర ఎప్పుడూ దానికి పైనే ఉంటుంది.

రెండోది, ఎవరూ కొనని ధర దగ్గర ఏం చేస్తారు? సున్నాకి లాగ్ లేదు.

పావ్లోవ్_పిల్లి
మొదటిది ఒప్పుకుంటా. సున్నా గొడవ చాలాకాలం నడిచింది. కొందరు సున్నా ఉన్న చోట 0.01 లాంటి అంకె పెట్టేవారు, ఆ అంకె మార్చితే ఆల్ఫా మారిపోయేది. 2015లో కోఫార్నస్, ఆయన సహచరులు సమీకరణాన్ని లాగ్ లేకుండా తిరగరాశారు. కొనుగోలు = క్యూ0 × 10^(కె × (...)). ఇప్పుడు సున్నాలు ఉన్నవి ఉన్నట్టే పెట్టుకోవచ్చు.

కర్రీ పాయింట్‌కి ఇంకో తేడా ఉంది. మీ కస్టమర్ రోజుకి ఒక ప్యాకెట్టే కొంటాడు. ధర పెరిగిందని ముప్పావు ప్యాకెట్ కొనడు కదా. వారానికి ఐదుసార్లు వచ్చేవాడు మూడుసార్లు వస్తాడు, లేదా మొత్తానికి మానేస్తాడు. కాబట్టి మీ వంపు నిజానికి చాలామంది 'ఇక చాలు' అనుకునే ధరల కుప్ప. మీ ప్యాకెట్ల లెక్కలో ఎవరు తగ్గించారో, ఎవరు మానేశారో కనపడదు.

వైట్‌ఫీల్డ్_వదిన
ఈ ఆల్ఫాలు పక్కన పెట్టి నా మాట వినండి. జనం ధర చూడరు, పెరగడం చూస్తారు.

2024 జూన్‌లో నందిని పాలు గుర్తున్నాయా? అర లీటరు ప్యాకెట్ 22 నుంచి 24 చేసి, 50 మిల్లీలీటర్లు కలిపి 550 ఇచ్చారు. లెక్క కడితే లీటరు 44 నుంచి 43 రూపాయల 64 పైసలకి తగ్గింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్కరైనా 'తగ్గింది' అన్నారా? 'రెండు రూపాయలు పెంచేశారు' అనే రోజంతా మెసేజ్‌లు. మళ్ళీ 2025 ఏప్రిల్లో లీటరుకి 4 రూపాయలు పెంచి, ఆ 50 మిల్లీలీటర్లూ తీసేశారు. ఈసారి మాత్రం నిజంగానే పెరిగింది.

నిప్పట్టు
వదినగారూ, అడగని 50 మిల్లీలీటర్లు నాకెందుకు? మా ఇంట్లో రెండు కాఫీలు, కాస్త పెరుగు తోడుకి అర లీటరు లెక్కగా సరిపోతుంది. మిగిలిన పాలు నేను పిల్లికి పోశాను, నా జేబులో రెండు రూపాయలు మాత్రం పోయాయి.

పావ్లోవ్_పిల్లి
పిల్లి తరఫున ధన్యవాదాలు.

సత్యవతి_ఎకో
వదినగారు చెప్పినదానికి లెక్క ఉంది. కానమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రాస్పెక్ట్ థియరీ రాశారు. మనిషి లాభనష్టాలని ఒక ఆధార బిందువు నుంచి కొలుస్తాడని, అదే పరిమాణంలో లాభం కన్నా నష్టం ఎక్కువ బాధిస్తుందని అందులో సారాంశం. 1992లో వాళ్ళు వేసిన అంచనా ప్రకారం దాదాపు 2.25 రెట్లు.

గిరాకీ సమీకరణంలోకి దీన్ని తేవాలంటే ధరతో పాటు ఇంకో రెండు పదాలు చేరుస్తారు. ధర ఆధార ధర కన్నా, అంటే కస్టమర్‌కి అలవాటైన ధర కన్నా, ఎంత పెరిగింది, ఎంత తగ్గింది. రెండిటికీ వేరువేరు గుణకాలు. డేనియల్ పట్లర్ 1992లో దక్షిణ కాలిఫోర్నియా కోడిగుడ్ల అమ్మకాల మీద ఇలాగే చూస్తే ధర పెరిగినప్పుడు ఎలాస్టిసిటీ 1.10, తగ్గినప్పుడు 0.45 వచ్చింది. ఎక్కేటప్పుడు ఒక మెట్ల దారి, దిగేటప్పుడు వేరే మెట్ల దారి. మన కర్రీస్ గారి 15 ప్యాకెట్లు అలా పోయి ఉండవచ్చు.

దీనికి ఎదురు మాట కూడా ఉంది. 2000లో బెల్, లాటిన్ ఇద్దరూ సూపర్ మార్కెట్ల డేటా చూసి, ధర విషయంలో మొదటినుంచీ గట్టిగా ఉండేవాళ్ళనీ పట్టించుకోనివాళ్ళనీ ఒకే గంపలో వేస్తే ఈ నష్ట భయం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందన్నారు. విడదీసి చూస్తే చాలాచోట్ల తగ్గిపోయింది.

కుందలహళ్ళి_కర్రీస్
మేడమ్ ఆధార ధర అంటుంటే మా బోర్డు గుర్తొచ్చింది. తెల్ల బోర్డు మీద 60ని గుడ్డతో తుడిచి 70 రాశాను. ఆ మార్కర్ సరిగ్గా పోదు, 70 వెనక 60 నీడలాగా కనపడుతూనే ఉండేది. జనం ముందు దాన్నే చదివేవాళ్ళు.

ఇంకోటి. పాత కస్టమర్లు బోర్డు చూడరు. క్యూఆర్ స్కాన్ చేసి అలవాటుగా 60 కొట్టేస్తారు. 'అన్నా, 70 అయింది' అంటే మళ్ళీ ఫోన్ తీసి, పిన్ కొట్టి, ఆ పది విడిగా పంపేవాళ్ళు. ఆ రెండోసారి పిన్ కొట్టేటప్పుడు మొహం చూడాలి.

సత్యవతి_ఎకో
అసలు సంగతి ఇక్కడ ఉంది! రిచర్డ్ థేలర్ 1985లో మెంటల్ అకౌంటింగ్ (మనసులో డబ్బు లెక్కలు వేసుకునే తీరు) గురించి రాసినదాంట్లో నష్టాలన్నీ ఒకేసారి కలిపి ఇవ్వాలి, లాభాలు విడివిడిగా ఇవ్వాలి అంటాడు. మీరు సరిగ్గా తిరగేసి చేశారు. 70 ఒకేసారి కడితే కూర కొన్నట్టు. 60 కట్టాక 10 కడితే జరిమానా కట్టినట్టు.

హాస్టల్_పక్షి
నిజం. మాది బీటీఎం, మీ ఏరియా కాదు. మా దగ్గర పాయింట్‌లో పెంచాక పక్క సందులో ఇంకోచోటికి వెళ్ళడం మొదలుపెట్టా. కూర అంత బాగోదు, పప్పులో ఉప్పు ఒకరోజు ఉంటుంది ఒకరోజు ఉండదు. కానీ రసం ఫ్రీ. పాతవాళ్ళు మళ్ళీ తగ్గించారని విన్నాను. కాళ్ళు అటు తిరగట్లేదు.

వైట్‌ఫీల్డ్_వదిన
రసం ఫ్రీ అంటే చాలు మన జనానికి. ఆ రసం ఖరీదు కూరలోనే వేసుకుంటాడు బాబూ.

పావ్లోవ్_పిల్లి
సున్నా ధరకి ఒక ప్రత్యేకత ఉంది. 2007లో షాంపానియర్, మజార్, ఆరియేలీ చాక్లెట్లతో చేసి చూశారు. మంచి చాక్లెట్ 15 సెంట్లు, మామూలుది 1 సెంటు పెడితే ఎక్కువమంది మంచిది కొన్నారు. రెండిటికీ ఒక్కో సెంటు తగ్గించి 14, 0 చేస్తే జనం మామూలుదాని మీద పడ్డారు. తేడా అదే 14 సెంట్లు. ఏ మామూలు గిరాకీ వంపూ ఆ దూకుడు చూపించదు.

బీటీఎం_భాస్కర్
థియరీ బాగుంది గానీ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. @కుందలహళ్ళి_కర్రీస్ 50 రూపాయలప్పుడు 120 పోయాయా, లేక 120కే వండారా? ఎన్నింటికి అయిపోయేవి?

కుందలహళ్ళి_కర్రీస్
120కే వండేవాళ్ళం, మా గిన్నెలు అంతే. ఎనిమిదిన్నరకల్లా ఖాళీ. తర్వాత వచ్చినవాళ్ళకి లేదని చెప్పేవాళ్ళం. 60 చేశాక పదింటిదాకా ఉండేది, రోజూ కాస్త మిగిలేది.

బీటీఎం_భాస్కర్
అయితే 120 అనేది గిరాకీ కాదు, గిన్నె సైజు. మొదటి చుక్కే తప్పుగా పడింది. ఆ చుక్క నుంచి గీత గీస్తే వాలు తక్కువగా కనపడదా మరి? వంపు, మలుపు, ఎలుకలు అని ఇంతసేపు మాట్లాడుకున్న 0.73 కూడా ఆ చుక్కలోంచి వచ్చిందే.

50 తీసేసి, 60 దగ్గర 105, 70 దగ్గర 72తో బావమరిది గీతే గీయండి. రూపాయికి 3.3 ప్యాకెట్లు పడుతున్నాయి. గిరాకీ సున్నా అయ్యేది దాదాపు 92 దగ్గర. లాభం ఎక్కువ వచ్చే ధర ఆ 92కీ ఖర్చు 30కీ సరిగ్గా మధ్యలో, అంటే 61. అదే పద్ధతి, 80 పోయి 61 అయింది.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
ఇది నేను ముందే అడగాల్సిన ప్రశ్న. స్టాక్ అయిపోయిన రోజుల అమ్మకం 'కనీసం ఇంత' అని మాత్రమే చెప్తుంది. ఆ రోజులకి వేరే పద్ధతి వాడాలి, లేదా ఎనిమిదింటి వరకూ అమ్మినవే అన్ని ధరల దగ్గరా పోల్చాలి.

నిప్పట్టు
బావమరిదికి క్షమాపణ చెప్పండి. తప్పు గిన్నెది.

పెరుగన్నం
ఆగండాగండి. 'దీపావళి వెళ్ళాక 60 చేశాం' అన్నారు. దీపావళి వెళ్ళాక వచ్చేది ఏంటి? కార్తీకమాసం! కుందలహళ్ళి, మారతహళ్ళి చుట్టూ ఉన్న మన జనంలో సగం మంది నెలరోజులు నాన్‌వెజ్ ముట్టరు. వాళ్ళంతా మీ వెజ్ కూరలకి వచ్చారు. ఆ 105లో కార్తీకం ఎంత, 60 రూపాయలెంత?

తర్వాత డిసెంబరులో 70 చేశారు, కార్తీకం అయిపోయింది, జనం చికెన్‌కి వెళ్ళిపోయారు. మీరేమో ధర వల్ల అనుకున్నారు.

కుందలహళ్ళి_కర్రీస్
మా ఆవిడ పక్కన కూర్చుని 'నేను ఆ రోజే చెప్పానా లేదా' అంటోంది. కార్తీకంలో మా చికెన్ ఫ్రై సగానికి పడిపోయిన మాట నిజమే.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
పెరుగన్నం గారి మాట నిజమైతే 105ని వదిలేయాలి. మామూలు రోజుల్లో 60 దగ్గర 90, 70 దగ్గర 72. రూపాయికి 1.8 తగ్గుతోంది, సున్నా అయ్యేది 110 దగ్గర, 110కీ 30కీ మధ్య 70. అసలు ఫార్ములా అక్కర్లేకుండానే చూడండి. 60 దగ్గర 90 అమ్మితే మిగిలేది 2,700. 70 దగ్గర 72 అమ్మితే 2,880. పైగా 18 ప్యాకెట్లు తక్కువ వండాలి. ధర తగ్గించి రోజుకి 180 పోగొట్టుకుంటున్నారు.

హాస్టల్_పక్షి
80, 61, 70. నాలుగు అంకెలిస్తే మూడు జవాబులు. ఇంకో పండగ దొరికితే నాలుగోది కూడా వచ్చేలా ఉంది.

సత్యవతి_ఎకో
లక్ష్మణ్ గారూ, 90ని 'మామూలు' అనేశారు. అది 70 చూసి అలిగి వెళ్ళిపోయినవాళ్ళు రాక ముందు అంకె కాదని ఎలా చెప్తారు? నా ఆధార ధర వాదం, పెరుగన్నం గారి కార్తీకం వాదం, రెండూ అదే 15 ప్యాకెట్లకి సరిపోతాయి. ఈ డేటాతో విడదీయలేం.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
విడదీయలేం, ఒప్పుకుంటా. కానీ రెండిట్లో ఏది నిజమైనా 60కి దించడం వల్ల లాభం రాలేదు. పోయినవాళ్ళు రాలేదు కదా.

సత్యవతి_ఎకో
ఇంకా రాలేదు. తేడా ఉంది. ఆధార ధర నెమ్మదిగా కదులుతుంది.

కోలారు_కుర్రోడు
మెట్రో సంగతి కూడా ఇంతే. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్ 60 నుంచి 90 చేశారు, గొడవయ్యాక కొన్ని దూరాలకి కాస్త తగ్గించారు. జనం తగ్గారు. ఆగస్టులో ఎల్లో లైన్ తెరిచారు, జనం పెరిగారు. ఆ ఏడాది చివరి అంకె చూపించి 'ధర పెంచినా జనం పెరిగారు' అనేవాణ్ణి నేను చూశాను. కొత్త లైనే మెట్రోవాళ్ళ కార్తీకమాసం.

పెరుగన్నం
అసలు మనుషులే పద్ధతి లేకుండా కొంటుంటే లెక్కలెందుకండీ? నేను ఒక్కోరోజు ఆకలి లేకపోయినా గుత్తివంకాయ వాసనకి కొంటాను.

సత్యవతి_ఎకో
@పెరుగన్నం దీనికి గ్యారీ బెకర్ 1962లోనే జవాబు రాశాడు. మనుషులు కళ్ళు మూసుకుని, జేబులో ఉన్న డబ్బులోపల ఏదో ఒకటి కొంటారనుకోండి. అప్పుడు కూడా ధర పెరిగితే సగటు కొనుగోలు తగ్గుతుంది, ఎందుకంటే అంతే డబ్బుకి వచ్చేది తగ్గుతుంది. గీత కిందికి వాలినంత మాత్రాన జనం ఆలోచించి కొంటున్నారని కాదు. అలాగే మీరు వాసనకి కొన్నంత మాత్రాన గీత చెడదు.

బీటీఎం_భాస్కర్
కర్రీస్ గారికి పనికొచ్చేది చెప్దాం. పాత డేటాని ఎంత పిండినా ఇంతే. ఇకనుంచి బోర్డు మొత్తం మీద ఒకే ధర వద్దు. ఒకే సాయంత్రం ఒక కూర 60, ఇంకోటి 70 పెట్టండి. వారం మారాక బొమ్మా బొరుసూ వేసి ఏది ఏ ధరకో నిర్ణయించండి. అప్పుడు పండగొచ్చినా వానొచ్చినా రెండు కూరలకీ ఒకేలా తగులుతుంది. ప్రతి కూర ఎన్నింటికి అయిపోయిందో టైము రాయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. బోర్డుకి కొత్త షీట్ కొనండి.

పావ్లోవ్_పిల్లి
దానితో పాటు ఒక చిన్న కాగితం కూడా. 1999లో జేకబ్స్, బికెల్ సిగరెట్లు, హెరాయిన్ విషయంలో ఇలా అడిగారు. 'ధర ఇంతైతే ఎంత కొంటారు, ఇంకా పెరిగితే ఎంత?' అని వరసగా. మీ పాత కస్టమర్లని 'ప్యాకెట్ 40 అయితే వారానికి ఎన్ని, 60 అయితే, 80 అయితే, 100 అయితే' అని అడగండి. ఎవరు తగ్గిస్తారో, ఎవరు మానేస్తారో అందులో తెలుస్తుంది. నేను ఫారం తయారుచేసి ఇస్తా. 0 రూపాయల ప్రశ్న కూడా ఉంటుంది.

హాస్టల్_పక్షి
0 రూపాయలైతే ఫ్రిజ్ పట్టినన్ని. రాసుకోండి.

నిప్పట్టు
కొట్టువాడు కాగితం పట్టుకొచ్చి 100 అయితే కొంటావా అని అడిగితే, నేను 50 అయినా కొనను అనే రాస్తా. బేరం అక్కడే మొదలవుతుంది.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
@నిప్పట్టు అందుకే కాగితం మీద చెప్పినదాన్ని బోర్డు మీద జరిగినదానితో సరిచూసుకోవాలి. ఒక్కదాన్నే నమ్మకూడదు.

కుందలహళ్ళి_కర్రీస్
ఆవిడ ఫోన్ లాక్కుని టైప్ చేస్తోంది: ఆ 30 రూపాయల ఖర్చు ఎవరు చెప్పారండీ? కూరగాయలు, నూనె, గ్యాస్, కవర్లు కలిపితే 30. మధ్యాహ్నం రెండింటి నుంచి నేను నిలబడే కూలి అందులో లేదు. కలిపితే 38 తక్కువ కాదు. గుత్తివంకాయ అయితే ఇంకా ఎక్కువ, పల్లీలు నువ్వుల రేటు మీకు తెలీదు. బొమ్మ పడినా బొరుసు పడినా దాన్ని 60కి ఇవ్వను.

లాగ్‌లాగ్_లక్ష్మణ్
అక్కా, ఖర్చు 8 పెరిగితే గీత లెక్కలో ధర అందులో సగం, 4 పెరగాలి. 61 కాస్తా 65, 70 కాస్తా 74 అవుతుంది. మీ కూలి లెక్కలో వేస్తే 60 ఏ దారిలోనూ రావట్లేదు.

బీటీఎం_భాస్కర్
గుత్తివంకాయని పరీక్షలోంచి తీసేయండి, దాని ధర దానిదే. పప్పు, బెండకాయ వేపుడు ఈ రెండిటితో నడపండి, రెండూ రోజూ ఉండేవే. 65, 75 పెట్టి చూడండి. 74 బోర్డు మీద రాస్తే చిల్లర గొడవ.

వైట్‌ఫీల్డ్_వదిన
యూపీఐ కాలంలో చిల్లర గొడవేంటి?

కుందలహళ్ళి_కర్రీస్
సోమవారం నుంచి పప్పు 65, బెండకాయ 75. వచ్చే వారం బొమ్మాబొరుసూ. బోర్డు షీట్ ఆర్డర్ పెట్టాను. క్యూఆర్ పక్కన కొత్త ధర పెద్ద అక్షరాలతో అంటిస్తున్నా, స్కాన్ చేసే ముందే కనపడేలా. అయిపోయిన టైము రాసే పని మా బావమరిదికి అప్పజెప్పాను, వాడి ఎక్సెల్‌లోనే.